అందమంతా చేతుల్లోనే!

తొలి డేట్‌కి ఫుల్ హ్యాండ్స్ టాప్ వెతుక్కునే అమ్మాయిలకు కొన్ని కబుర్లు, కొన్ని కిటుకులు

ఆదివారం మ్యాట్నీకి టిక్కెట్లు బుక్కయిపోయాయి. సినిమా ఏదో తెలుసు. సీటు నెంబరు తెలుసు. పక్క సీట్లో కూర్చోబోయేది ఎవరో కూడా తెలుసు… తలచుకుంటేనే బుగ్గలు వేడెక్కుతున్నాయి. తెలియనిదల్లా ఒక్కటే. ఏం వేసుకోవాలి?

బీరువా తలుపు తెరిస్తే బట్టలు మీద పడతాయి. అయినా “వేసుకోడానికి ఒక్కటీ లేదే!” అని ఓ నిట్టూర్పు. మొన్న పెళ్ళికి కుట్టించిన అనార్కలీ మరీ ఆర్భాటం. రోజూ కాలేజీకి వేసుకునే టీషర్టు మరీ నిర్లక్ష్యం. స్లీవ్‌లెస్ వేసుకుంటే గుమ్మం దాటేలోగా అమ్మగారి ఇంటర్వ్యూ. ఇన్ని లెక్కలూ వేసుకుని చాలామంది అమ్మాయిలు చివరికి వచ్చి ఆగేది ఒక్క చోట – ఫుల్ హ్యాండ్స్ టాప్!

ఎంపిక మంచిదే. ఏసీ హాల్లో ఇంటర్వెల్ దాకా చలికి వణక్కుండా కూర్చోవచ్చు. స్కూటీ మీద వెళితే ఎండకి చేతులు కమిలిపోవు. అన్నిటికంటే ముఖ్యం ఇంకోటుంది. హాల్లో లైట్లు ఆరిపోయాక పక్కవాడికి మీ కాటుక కనిపించదు, జుంకాలు కనిపించవు. కనిపించేదల్లా కుర్చీ చేతి మీద ఆనించిన మీ చెయ్యి. సినిమా అయ్యాక కాఫీకి వెళ్ళారనుకోండి, బల్ల మీద ఎదురుగా ఉండేవి మళ్ళీ ఆ చేతులే. అంటే ఆ సాయంత్రం సగం మాటలు మీ చేతులే మాట్లాడతాయన్నమాట!

అయితే మన దగ్గర జాకెట్టు చేతుల పొడుగుకి అందంతో పాటు ఇంకో లెక్క కూడా ఉంది. ఆ లెక్కేమిటో తెలియాలంటే ముందు మన సినిమాల దగ్గరికే వెళ్ళాలి.

వెండితెర మీద చేతుల కథ

పొడుగు చేతులు కొత్త ఫ్యాషనేమీ కాదు. 19వ శతాబ్దం చివర్లో చదువుకున్న ఇళ్ళల్లో ఆడవాళ్ళు చీర మీదకి కుట్టిన రవికలు వేసుకోవడం మొదలుపెట్టారు. బెంగాల్‌లో ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి ఆ మార్పుకి దారి చూపించింది. విక్టోరియా కాలపు దొరసానుల గౌన్లని చూసి కుట్టినవి కాబట్టి ఆ రవికలకి మెడ దాకా కాలరు, మణికట్టు దాకా చేతులు, అంచున లేసు!

మన సాంఘిక చిత్రాల నాయికల దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు మోచేతి దాకా వచ్చి ఆగాయి. మధ్య మధ్య బుట్టచేతులు కూడా ముచ్చట గొలిపాయి. అప్పటినుంచే సినిమావాళ్ళు బట్టలతో కథ చెప్పడం నేర్చుకున్నారు. ‘గుండమ్మ కథ’ (1962) చూడండి. లక్ష్మిగా సావిత్రి కట్టూబొట్టూ ఒక తీరు, సరోజగా జమున అలంకరణ ఇంకో తీరు. ఎవరు నెమ్మదో ఎవరు గడుసో ఒక్క డైలాగు చెప్పకముందే ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత తర్వాత ఆ చిట్కాయే చట్టమై కూర్చుంది! 1970లలో, 1980లలో ఎన్ని సినిమాల్లో చూడలేదూ… పొగరుబోతు జమీందారు కూతురంటే స్లీవ్‌లెస్. క్లబ్బులో ఆడే నర్తకి అంటే స్లీవ్‌లెస్. కష్టాలు పడే అక్కయ్యంటే మోచేతి దాకా జాకెట్టు. పొగరుబోతు పిల్ల ఆఖరి రీలులో బుద్ధి తెచ్చుకుందనడానికి గుర్తేమిటి? నిండుగా చీర, నిండుగా చేతులు! కాస్ట్యూమ్స్ వాళ్ళు టేపు పెట్టి కొలిచింది చేతుల పొడుగు మాత్రమే కాదు, ఆ పిల్ల గుణం కూడా.

ఆ టేపు తెర మీంచి దిగి వీధిలోకి వచ్చింది. ఇప్పటికీ పోలేదు. పొడుగు చేతులు వేసుకున్న అమ్మాయిని చూసి “పద్ధతైన పిల్ల” అనేవాళ్ళూ, చేతుల్లేని టాప్ వేసుకుంటే పెదవి విరిచేవాళ్ళూ మన చుట్టూ ఉన్నారు. తొలి డేట్‌కి టాప్ ఎంచుకునే అమ్మాయి మెదడులో ఓ మూల ఆ టేపే ఆడుతుంటుంది.

అదృష్టవశాత్తూ సినిమా కూడా మారుతూ వచ్చింది. శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006)లో కమలినీ ముఖర్జీ చేసిన సీతామహాలక్ష్మి సొంతంగా బొటీక్ నడుపుకునే అమ్మాయి. ఆమె బట్టలు ఆమె అభిరుచిని చెబుతాయి తప్ప ఎవరి దగ్గరా మార్కులు అడగవు. ‘పెళ్ళిచూపులు’ (2016)లో రీతూవర్మ చిత్ర పాత్రకి సాదాసీదా బట్టలే. కానీ ఆ పిల్ల ఏం చెయ్యాలనుకుంటుందో అందులోనే తెలుస్తుంది. ఇక ‘మహానటి’ (2018) సరేసరి. సావిత్రి కాలపు చీరలూ జాకెట్లూ మళ్ళీ తెర మీద ప్రాణం పోసుకున్నందుకు ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు ముగ్గురికీ జాతీయ అవార్డు దక్కింది. పాతకాలపు జాకెట్టు చేతుల్లో ఇంత అందముందా అని ఈ తరం అమ్మాయిలు కళ్ళారా చూశారు.

రోములో ఒక్క రోజు

ఫుల్ హ్యాండ్స్ టాప్‌తో డేట్‌కి వెళ్ళడమెలాగో ప్రపంచానికి నేర్పిన సినిమా ఒకటుంది. ‘రోమన్ హాలిడే’ (1953). ఆడ్రీ హెప్‌బర్న్ అందులో ఓ రాజకుమారి. రాజభవనం కట్టుబాట్లు భరించలేక రోము వీధుల్లోకి పారిపోతుంది. ఆమెకి తోడు దొరికేది గ్రెగరీ పెక్. పాత్ర ఏమిటనుకున్నారు? విలేఖరి! మా వృత్తివాళ్ళకి ఇంతకంటే గొప్ప కలేముంటుంది!

ఆ రోజంతా ఆమె వేసుకున్నది ఒక్క తెల్ల బ్లౌజు, ఒక వెడల్పాటి స్కర్టు. మొదట్లో కాలరు బిగించి, మణికట్టు దగ్గర కఫ్ పెట్టి, అచ్చం రాజభవనం పిల్లలాగే ఉంటుంది. పూట గడిచేకొద్దీ చూడండి తమాషా… జుట్టు కత్తిరించుకుంటుంది. మెడ దగ్గర గుండీ వదులవుతుంది. చేతులు పైకి మడత పడతాయి. మెడకి చిన్న చారల రుమాలు వస్తుంది. బట్ట అదే, మనిషి మాత్రం స్వేచ్ఛలోకి నడిచి వచ్చేసింది! దర్శకుడు విలియం వైలర్ ఆ సంగతి ఒక్క మాట కూడా చెప్పించకుండా చూపించాడు. ఆ సినిమాకి ఆడ్రీకి ఉత్తమ నటిగానూ, ఈడిత్ హెడ్‌కి దుస్తుల రూపకల్పనకిగానూ ఆస్కార్లు వచ్చాయి.

ఇంకో ముచ్చట ‘యానీ హాల్’ (1977). 2025లో కన్నుమూసిన డయాన్ కీటన్ అందులో మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు, వెయిస్టు కోటు, టై వేసుకుని హాయిగా తిరిగింది. ఆమెకీ ఉత్తమ నటి ఆస్కారే! అన్నయ్య చొక్కాని చెల్లెలు వేసుకోవడం మన ఇళ్ళల్లో అల్లరి. ఆవిడ దాన్నే స్టైల్ చేసింది.

ఈ రెండు సినిమాల్లోనూ చేతులు నిండుగానే ఉన్నాయి. కానీ అక్కడ ఎవరూ వాటిని చూసి గుణం లెక్కగట్టలేదు. ఆ అమ్మాయిలు ఎంత హాయిగా ఉన్నారో అదే అందం.

ఏ చేతులు ఎలాంటివి?

టైలరు దగ్గరికెళ్ళి “ఫుల్ హ్యాండ్స్” అంటే సరిపోదు. అందులో రకాలున్నాయి.

చొక్కా చేతులు: మణికట్టు దగ్గర కఫ్, గుండీ. అన్నిటిలోకీ నమ్మకమైనవి. మోచేతి దగ్గర లోపలివైపు చిన్న పట్టీ, పైన గుండీ పెట్టించుకుంటే మడిచినప్పుడు జారిపోవు. తొలి డేట్‌కి నా ఓటు వీటికే.

బెల్ హ్యాండ్స్: కిందికొచ్చేకొద్దీ గంటలా విచ్చుకుంటాయి. ఫొటోల్లో అదుర్స్! కాని ఒక్క ప్రమాదం… టిఫిన్ సెంటరుకి వెళితే మీకంటే ముందు అవే కొబ్బరి చట్నీ రుచి చూస్తాయి.

బిషప్ హ్యాండ్స్: పైనుంచి వదులుగా వచ్చి మణికట్టు దగ్గర కుచ్చులతో బిగుస్తాయి. పల్చటి గుడ్డకి చక్కగా నప్పుతాయి. సన్నటి చేతులున్నవాళ్ళకి నిండుదనం తెస్తాయి. చట్నీ భయం కూడా లేదు.

చూడీదార్ హ్యాండ్స్: చేతి కంటే పొడుగ్గా కుట్టి మణికట్టు దగ్గర మడతలు మడతలుగా నిలిపేవి. చూడీ అంటే గాజు. మడతలు గాజుల వరసలా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. వీటి మీద నిజం గాజులు వేసుకోకండి. ఒకదాన్నొకటి మింగేస్తాయి.

రాగ్లాన్: మెడ దగ్గర్నుంచే చెయ్యి మొదలవుతుంది, భుజం మీద కుట్టు ఉండదు. 1815లో వాటర్లూ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న లార్డ్ రాగ్లాన్ పేరు మీద వచ్చింది. చెయ్యి లేని మనిషి పేరు చేతులకి పెట్టారంటే విచిత్రమే! భుజాలు కదపడానికి బహు సుఖం.

చేతులు కాస్త బొద్దుగా ఉన్నవాళ్ళు ఫుల్ హ్యాండ్స్ నప్పవని దిగులు పడతారు. అదేం లేదు. చర్మానికి అంటుకునేలా కాకుండా, పైచెయ్యి దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులుగా, తిన్నగా కుట్టించుకుంటే చాలు. బిగుతు అందం కాదు, ఉక్కపోత!

గుడ్డ సంగతి

పొడుగు చేతులంటే ఒంటి మీద గుడ్డ ఎక్కువ. మన ఎండల్లో సింథటిక్ వేసుకుంటే మొదటి పాట అయ్యేలోగా ప్రాణం విసిగిపోతుంది. మన అదృష్టమేమిటంటే, ఈ సమస్యకి మందు మన నేతగాళ్ళ దగ్గరే ఉంది.

గుంటూరు–విజయవాడల మధ్య మంగళగిరి. అక్కడి నూలు గుడ్డ గుంటమగ్గాల మీద నేస్తారు. పనితనమంతా అంచులో ఉంటుంది. ఆ అంచుని టాప్ కింద వేసేకంటే మణికట్టు దగ్గర వచ్చేలా కత్తిరించమని టైలరుతో చెప్పి చూడండి… వేరే గాజు అక్కర్లేదు. పోచంపల్లి ఇక్కత్‌లో దారానికే ముందు రంగు కట్టి తర్వాత నేస్తారు కాబట్టి డిజైను అంచులు కాస్త పొగలా కనిపిస్తాయి. ఒళ్ళంతా ఇక్కత్ వేసుకునే బదులు ఒంటికి ఒకే రంగు, చేతులకి ఇక్కత్ వేస్తే చూపు అక్కడే ఆగుతుంది. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీకి మట్టి రంగులు, ముదురు ఎరుపులు. చొక్కా చేతులకి బాగుంటుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు సంగతి వింటే ఆశ్చర్యపోతారు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి శుభ్రం చేస్తారు. అంత సన్నటి నూలు ఒంటి మీద ఉన్నట్టే ఉండదు.

రంగు విషయంలో ఒక్క హెచ్చరిక. లేత బూడిద రంగు, లేత నీలం – చంకల్లో చెమట పట్టిందంటే ఊరంతా తెలిసిపోతుంది. తెలుపు, నలుపు, చిన్న చిన్న అద్దకం పువ్వులు గుట్టు కాపాడతాయి.

ఎంత గుడ్డ కావాలి? 44 అంగుళాల పన్నా అయితే మోకాళ్ళ దాకా వచ్చే కుర్తాకి ఫుల్ హ్యాండ్స్‌తో కలిపి సుమారు రెండున్నర మీటర్లు. నడుం కింద దాకా వచ్చే టాప్‌కి రెండు మీటర్లు. చీరతో వచ్చే 80 సెంటీమీటర్ల ముక్కలో ఫుల్ హ్యాండ్స్ జాకెట్టు రావడం కష్టం. ముందే ఇంకొంచెం మ్యాచింగ్ తీసుకోండి. చేనేత నూలు గుడ్డని కుట్టించేముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయడం మర్చిపోకండి. లేకపోతే మొదటి ఉతుకుకే ఫుల్ హ్యాండ్స్ కాస్తా త్రీ ఫోర్త్ అయి కూర్చుంటాయి!

ఎక్కడ వెతకాలి?

హైదరాబాదులో కోఠీ సుల్తాన్ బజారు, చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ, సికింద్రాబాదు జనరల్ బజారు. విజయవాడలో గుడ్డకి వస్త్రలత, రెడీమేడ్‌కి బీసెంట్ రోడ్డు. రాజమండ్రిలో తాడితోట. విశాఖలో జగదాంబ చుట్టుపక్కల. చదువుకోసం చెన్నైలో ఉన్నవాళ్ళకి పాండీబజారు, బెంగుళూరులో ఉన్నవాళ్ళకి కమర్షియల్ స్ట్రీట్ ఉండనే ఉన్నాయి. చేనేతకైతే ఆప్కో లాంటి సహకార దుకాణాలు ఓసారి తొంగిచూడండి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు మీడియం, లార్జ్ అనే అక్షరాల్ని నమ్మకండి. మీకు బాగా సరిపోయిన పాత టాప్ ఒకటి మంచం మీద పరిచి భుజం నుంచి భుజానికి, చంక నుంచి చంకకి, చెయ్యి పొడుగు కొలిచి రాసుకోండి. ఆ అంగుళాలతో సరిపోల్చి చూడండి.

ట్రయల్ రూమ్‌లో అయిదు పరీక్షలు

అద్దం ముందు చేతులు వేలాడేసి నిలబడితే ఏ టాపైనా బాగానే ఉంటుంది. డేట్‌లో అలా నిలబడరు కదా!

ఒకటి, బస్సు పరీక్ష. బస్సులో పైన కడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తండి. టాప్ మొత్తం నడుం పైకి లేచిపోయిందంటే చంక భాగం మరీ కిందికి కోశారన్నమాట. అది ఆల్టరేషన్‌కి లొంగదు. వదిలేయండి.

రెండు, చేతులు కట్టుకునే పరీక్ష. వీపు దగ్గర పట్టేసినట్టుంటే ఒక సైజు పెద్దది తీసుకోండి.

మూడు, కాఫీ పరీక్ష. బల్ల అవతలి కప్పు అందుకున్నట్టు చెయ్యి చాపండి. చేతి అంచు మణికట్టు ఎముక దగ్గరే ఉండాలి. సగం ముంజేతి దాకా పాకిందంటే పొట్టి. కుట్టించుకునేటప్పుడు కూడా మోచెయ్యి మడిచి, భుజం నుంచి మణికట్టు దాకా కొలత ఇవ్వండి.

నాలుగు, బిర్యానీ పరీక్ష. మనం చేత్తో తినే జనం! కుడిచెయ్యి మోచేతి దాకా మడవండి. అయిదు నిమిషాలు నిలుస్తుందా, జారుతుందా? జారే చేతులేసుకుని ఎడంచేత్తో దాన్ని పట్టుకుంటూ తినే అమ్మాయికి ఇంక మాట్లాడే తీరికెక్కడ?

అయిదు, వెలుతురు పరీక్ష. షాపు లైట్ల కింద చూసి మురిసిపోకండి. గుమ్మం దగ్గర పగటి వెలుతుర్లో చూడండి. రంగు అసలు రంగేనా, గుడ్డ మరీ పల్చనా అనేది అప్పుడే తెలుస్తుంది.

కుట్టించుకునేవాళ్ళు కనీసం పది రోజుల ముందు ఇవ్వండి. “రేపు రండమ్మా” అనే మాట వినడానికే నాలుగు రోజులు పోతాయి! చేతికొచ్చాక ఒకసారి వేసుకుని పక్కింటికో గుడికో వెళ్ళి రండి. కొత్త బట్ట గుచ్చుకునేదేదో అక్కడే గుచ్చుకుని ఊరుకుంటుంది.

దాచుకోడానికా?

ఇప్పుడు కాస్త మనసు విప్పి మాట్లాడుకుందాం. ఫుల్ హ్యాండ్స్ కోసం వెతికే అమ్మాయిల్లో కొందరికి స్టైల్ గొడవే లేదు. చేతులు నలుపని కొందరు, సన్నమని కొందరు, లావని కొందరు, చిన్నప్పటి కాలిన మచ్చ ఉందని కొందరు… దాచుకోడానికి వెతుకుతారు. తప్పు వాళ్ళది కాదు. తెల్లగా ఉంటేనే అందమని చెప్పే క్రీముల ప్రకటనలు చూస్తూ పెరిగాం మనమంతా. ‘ఫెయిర్ అండ్ లవ్‌లీ’ అనే పేరు మారడానికి 2020 దాకా పట్టింది!

దాచుకోవాలనిపిస్తే దాచుకోండి, అది మీ ఇష్టం, మీ ఒళ్ళు. కాకపోతే ఒక్కటి గమనించండి. భయంతో వేసుకున్న చేతులు మనల్ని కుదురుగా కూర్చోనివ్వవు. గాలికి కాస్త జరిగితే చటుక్కున లాక్కుంటాం. అవతలివాడు ఏదో తమాషా కబురు చెబుతుంటే మన ధ్యాసంతా మణికట్టు మీదే. మూడు గంటల సాయంత్రంలో రెండు గంటలు కాపలాకే సరి! ఇష్టపడి వేసుకున్న చేతుల మాటే వేరు. ఉక్కపోస్తే మడుస్తాం, చలేస్తే దించుతాం, నవ్వొస్తే ఆ చేత్తోనే నోరు మూసుకుంటాం.

అందుకే టాప్ కొనేముందు ఓ చిన్న ప్రశ్న వేసుకోండి. వచ్చేది అతను కాకుండా మీ ప్రాణస్నేహితురాలైనా ఇదే వేసుకుంటారా? అవునంటే బిల్లు కట్టేయండి. కాదంటే హ్యాంగరుకి తగిలించి ఇంకోటి చూడండి. ఆ ఇంకోటి స్లీవ్‌లెసే అయినా సరే!

అబ్బాయిలకో మాట

ఈ పేజీ దొంగచాటుగా చదివే అబ్బాయిలున్నారని తెలుసు. మీకూ ఓ మాట. ఆ అమ్మాయి పొడుగు చేతుల టాప్‌లో వచ్చిందనుకోండి, “నువ్వు చాలా పద్ధతిగా ఉన్నావు” అనకండి. మీరు పొగిడాననుకుంటారు, ఆమెకి మాత్రం పెళ్ళిచూపుల్లో మార్కులు వేసినట్టుంటుంది. రేపు ఇంకోలా వస్తే మార్కులు తగ్గిస్తారా అని అనుమానం కూడా మొదలవుతుంది. “ఈ రంగు నీకు భలే ఉంది, ఎక్కడ కొన్నావ్?” అనండి. కోఠీ నుంచి పెడన దాకా బోలెడు కబుర్లు వస్తాయి. మరి మీరు కూడా ఇస్త్రీ చొక్కాలో వెళ్ళండి. అమ్మాయి ఇన్ని పరీక్షలు పెట్టుకుని వస్తుంటే మీరు మాసిన టీషర్టుతో దిగితే ఏం మర్యాద?

అమ్మాయిలూ! ఆదివారానికి ఇంకా టైముంది. గుడ్డ తీసుకోండి, నానబెట్టండి, టైలరు వెంటపడండి. హాలు తలుపు దగ్గర అతను కనిపించగానే ముందు చెయ్యి ఎత్తి “హాయ్” అనండి. బస్సు పరీక్ష పాసయిన టాప్ కదా, ఏం ఫరవాలేదు. బెస్టాఫ్ లక్!